గృహకలహము హాస్యమున కర్హమా?

హాస్యవాది: అక్కా, భార్యాభర్తల వాగ్వాదమును, అత్తమామల జోక్యమును, ఆడిబిడ్డల అలకలను, వియ్యంకుల పట్టింపులను వస్తువుగా గైకొని, వారమున కొకమారు అరగంటసేపు కుటుంబమునంతటిని నవ్వించు టెలివిజను హాస్యధారావాహిక మన గృహములకు మేలు చేయునదియే యని నా నిశ్చితాభిప్రాయము. 2001 నవంబరులో జెమినీ టీవీలో ప్రారంభమై 2007 నవంబరువరకు ఆదివారము రాత్రులందు సాగిన ‘అమృతం’ను స్మరింపుడు. గుణ్ణం గంగరాజుగారి కల్పనయైన ఆ ధారావాహిక 313 భాగములు నడచినది. అమృతరావు, ఆంజనేయులు అను ఇరువురు మిత్రులు, వారి భార్యలు సంజీవిని, శాంత, ఇంటి యజమాని అప్పాజీ, హోటలు పనివాడు సర్వం: ఇంతియే అందలి ముఖ్యపరివారము. అమృతరావు పాత్రను శివాజీరాజా, నరేశ్, హర్షవర్ధన్ ఒకరి వెనుక నొకరు ధరించినను, నటుడు మారినప్పుడెల్ల విడిచిపోవలసిన ప్రేక్షకుడు విడిచిపోలేదు. అతడు చూడవచ్చినది ఒక ఇంటిని. ఆ ఇంటి తగవులలో తన ఇంటి తగవులను గుర్తించి, వాటి వేడిని కొంత చల్లార్చుకొని, మరునాటి పనికి వలసిన మనశ్శాంతిని పొందెను.

విమర్శకురాలు: తమ్ముడా, నీ పక్షమునకు మిక్కిలి అనుకూలమైన ఉదాహరణమునే నీవెన్నుకొంటివి. ‘అమృతం’ ఆరోగ్యకరమైన హాస్యమనుటలో నాకును సందేహము లేదు. కాని అందు అత్త ఎక్కడ? ఇంట స్థిరముగా నుండి కోడలి వంటను, కొడుకు జీతమును, మనుమల పెంపకమును తన అధీనమున నుంచుకొను అత్త ఆ కథలో నిత్యపాత్ర కాదు. ఆ పాత్ర గడప లోపలికి వచ్చిన ధారావాహికలను చూడుము. 2017 మొదలు 2023 వరకు స్టార్ మాలో ప్రసారమైన ‘కార్తీకదీపం’ కోడలి మేనిచాయను ఏవగించుకొను అత్తతో మొదలైనది. తరువాత ఆ అత్త మనసు మారి కోడలి పక్షము వహించినది; అంతట ఆ కథలోని ద్వేషభారమంతయు మరియొక స్త్రీమీద పడినది. అత్తయింటి వృత్తాంతము వచ్చునప్పటికి మన టెలివిజనులో హాస్యము తప్పుకొన్నది, దుఃఖము ఆ స్థలమును ఆక్రమించినది.

హాస్యవాది: అట్లయిన దోషము హాస్యముది కాదు, హాస్యము లేకపోవుటది. వారమున కైదారు దినములు నడచు ధారావాహికలో తగవు తెగరాదు. తెగినచో రేపటికి కథ లేదు, కథ లేనిచో వ్యాపారప్రకటన లేదు. కనుక ఒకరి మాట ఒకరు చాటునుండి అరకొరగా వినవలెను, ఉత్తరము చేరవలసిన చేతికి చేరరాదు, నిజము చెప్పబోవు నోరు చెప్పకముందే మూతపడవలెను. హాస్యధారావాహికకు ధర్మము వేరు. అందు తగవు ఆనాడే పుట్టి, ఆనాడే పెరిగి, ఆనాడే తెగవలెను. తెగుటకై ఎవరో ఒకరు తమ తప్పు నొప్పుకొనవలెను. ఈ విద్య తెలుగు గద్యమునకు క్రొత్తది కాదు. మునిమాణిక్యం నరసింహారావుగారు కాంతమును సృష్టించి, భార్య తనకన్న తెలివైనదని భర్తయే నవ్వుచు అంగీకరించు సంసారమును చూపిరి. భానుమతీ రామకృష్ణగారు ‘అత్తగారి కథలు’ వ్రాసి, చాదస్తమును, పట్టుదలను, అమాయకత్వమును, పెత్తనమును గల అత్తగారిని కోడలి నోటనే చెప్పించినను, పాఠకునకు ఆమెయందు మమతయే కలుగునట్లు చేసిరి. అత్తను చూచి నవ్వుటకు అత్తను ద్వేషింప నక్కరలేదని చూపుటకు ఇంతకన్న వేరు నిదర్శనమేల?

విమర్శకురాలు: ఆ రెండు రచనలును నాకు ప్రియమైనవే. అయితే భానుమతిగారి అత్తగారు పుస్తకములో నున్నది. ఊరూరికి వచ్చినది సూర్యకాంతముగారి అత్త. 1958లో ‘అత్తా ఒకింటి కోడలే’, 1962లో ‘గుండమ్మ కథ’, వాటి ముందు వెనుకల అనేక చిత్రములు. ఆ మహానటి 1994లో గతించినను, ముప్పదియేండ్ల తరువాత నేటికిని, మన వాడలలో నోరుగల స్త్రీకి ఆమె పేరే పెట్టి పిలుచుచున్నారు. తల్లిదండ్రులు తమ కూతుండ్రకు ఆ పేరు పెట్టుట మానివేసిరని లోకము చెప్పుకొనుచున్నది. అట్టి శాశ్వతమైన పేరు ఏ మామకైనను పడినదా? నటన గొప్పదగుటచేతనే గాయము లోతైనది. ఆలోచింపుము: కట్నమెంతయో నిర్ణయించునది సాధారణముగా మామ, దానిని పదిమందిలో నోరు తెరచి అడుగునది అత్త, నవ్వు మాత్రము ఆ నోటిమీదనే పడును. కొడుకు తల్లికిని భార్యకును నడుమ మౌనము వహించి, ఆ మౌనముచేతనే ఇరువురకును ద్రోహము చేయును. మన హాస్యమతనిని పాపము నలిగిపోవువాడని జాలితో చూచును. ఇట్లు ఇంటి అధికారము పురుషునిదిగను, ఇంటి అపహాస్యము స్త్రీదిగను పంచబడినది. ఈ పంపకమును నేను ఆక్షేపించుచున్నాను.

హాస్యవాది: మౌనము వహించు కొడుకును గూర్చి మీరనిన మాట సత్యము, దానికి నేను తల వంచుచున్నాను. కాని ‘గుండమ్మ కథ’ను మరల ఒకమారు చూడుడని ప్రార్థింతును. గుండమ్మ భర్త లేని స్త్రీ. ఉన్న ఆస్తిని తానే కాపాడుకొనవలసినది. సవతికూతురు లక్ష్మిని పనికత్తెవలె చూచిన ఆమె కాఠిన్యమును ఆ చిత్రము దాచలేదు. కాని అంతటితో విడిచిపెట్టనును లేదు. ఛాయాదేవి ధరించిన దుర్గమ్మ ఆ ఇల్లు చొచ్చి గుండమ్మనే హింసింప మొదలిడినప్పుడు, అంతవరకు గుండమ్మ పరాభవము కోరిన ప్రేక్షకుడే ఆమెకై కలత చెందును. నందమూరి, అక్కినేని ఇరువురును నాయకులుగా నున్న చిత్రమునకు ఒక గయ్యాళి పేరు పెట్టుటలోనే ఆ పాత్రకు దక్కిన ప్రాధాన్యము తెలియుచున్నది. ఇక పంపకమును గూర్చి: హాస్యము అధికారము గలవారిమీదనే పడును. మన పెండ్లిండ్లలో ఆడపెండ్లివారి స్త్రీలు వియ్యపురాలిని ఎత్తిపొడుచుచు పాటలు పాడుట చిరకాలాచారము. రేపటినుండి తమ పిల్లపై అధికారము చెలాయింపబోవు ఆమెను ఈనాడు పదిమంది యెదుట నవ్వులపాలు చేయుటకు పెద్దలే అనుమతి యిచ్చిరి. తిరుగలి త్రిప్పుచు, వడ్లు దంచుచు అత్తలపై పాటలు కట్టినది కోడండ్రే. నోరు మెదపరానివారికి నవ్వొక్కటియే నోరైనది. దానిని హరించినచో వారికి మిగులునది యేమి?

విమర్శకురాలు: ఆ పాటలను నేనును పాడితిని, వాటి విలువను కాదనను. కాని అచ్చట పాడినది ఎవరు? ఆ కష్టమును అనుభవించు స్త్రీలే. ఎవరి యెదుట? ఎవరిపై పాటయో ఆమె యెదుట. ఆమెయు ఒకనాడు పాడినదే, ఆమెకును బదులు పాడు హక్కు కలదు. టెలివిజనులో ఆ మూడును లేవు: వ్రాయువాడు వేరొకడు, నవ్వువాడు దూరమున నున్నవాడు, నవ్వులపాలైన స్త్రీకి బదులు పలుకు వేదిక లేదు. మరియొక సంగతి. తరచుగా నవ్విన విషయము మనకు సహించదగినదిగా కనబడును. అత్తయింట బాధ పడలేక పుట్టినిల్లు చేరిన బిడ్డతో మన పెద్దలనెడి మాట నీకు తెలియనిదా? “అన్నిండ్లల్ల గిట్లనే ఉంటది బిడ్డా, సర్దుకపోవాలె” అందురు. హాస్యధారావాహిక వారము వారము చెప్పునదియు ఆ మాటయే, మరింత ఇంపుగా. 1961లో వరకట్న నిషేధచట్టము వచ్చినది; అది చాలక 1983లో భర్తయు, అతని బంధువులును పెట్టు క్రూరహింసను నేరముగా శిక్షాస్మృతిలో చేర్చవలసి వచ్చినది; అదియును చాలక 2005లో గృహహింసనుండి స్త్రీలకు రక్షణ నిచ్చు చట్టమును చేసి 2006 అక్టోబరునుండి అమలుపరచవలసి వచ్చినది. ఇన్ని శాసనములు కోరిన దుఃఖము ఏ ఇంట నున్నదో ఆ ఇంటి గోడకే టెలివిజను వ్రేలాడుచున్నది. దానియందు అత్త కోడలిని సాధించుచుండగా నవ్వు వినిపించినచో, ఆ ఇంటి కోడలు తన బాధను ఎవరితో చెప్పుకొనును?

హాస్యవాది: మీ వాదములో మిక్కిలి బలమైన భాగమిది, దీనికి నా యొద్ద సంపూర్ణమైన సమాధానము లేదని ముందే చెప్పుచున్నాను. అయినను కలహము వేరు, హింస వేరు. భరతముని హాస్యమును స్మితము, హసితము, విహసితము, ఉపహసితము, అపహసితము, అతిహసితమని ఆరు విధములుగా విభజించి, మొదటి రెండును ఉత్తములవనియు, నడిమి రెండును మధ్యములవనియు, తుది రెండును అధములవనియు వర్గీకరించెను. తాను నవ్వుట ఆత్మస్థమనియు, ఇతరులను నవ్వించుట పరస్థమనియు మరియొక భేదము చూపెను. నవ్వులన్నియు సమానము కావని మన ప్రాచీనులే యెరుగుదురు. ఇరువురును ఇంచుమించు సమబలము గలవారై యున్నంతవరకే వారి తగవు హాస్యమునకు లోబడును. ఒకరికి దెబ్బ తగిలిన క్షణమున అది హాస్యమును విడిచి కరుణలోనికిని, రౌద్రములోనికిని పోవును. హిందీలో 1994లో ప్రారంభమైన ‘తూ తూ మై మై’ని చూడుడు. రీమా లాగూ అత్తగను, సుప్రియా పిల్గావ్కర్ కోడలిగను ఒకరికొకరు తీసిపోక మాటకు మాట అప్పగింతురు. అమెరికాలో 1996 మొదలు 2005 వరకు నడచిన ‘ఎవ్రీబడీ లవ్స్ రేమండ్’లో అత్తమామలు వీధికి ఆవలివైపు ఇంటనే యుండి వేళపాళ లేక చొచ్చుకొని వత్తురు, అయినను అందు నవ్వులపాలగువాడు ముఖ్యముగా తల్లికి ఎదురు చెప్పలేని కొడుకు. మీరు అపేక్షించిన న్యాయమే అచ్చట జరిగినది.

విమర్శకురాలు: సమబలము గలవారి తగవు హాస్యమున కర్హమను సూత్రమును నేనంగీకరింతును. కాని బలము మాటకారితనమునుండి రాదు. ఇంటిలో నిలువ నీడనుండి, చేతిలోని రూకనుండి, చేయు చాకిరినుండి వచ్చును. దూరపు కథలు విడిచి మన నస్పూరు సంగతి చెప్పుకొందము. శ్రీరాంపూరు బొగ్గుగనుల చుట్టును వెలసిన ఈ కాలనీలలో సింగరేణి క్వార్టరుకు గదులెన్ని? అందు తల్లిదండ్రులు, కొడుకు, కోడలు, పిల్లలు, పండుగకు వచ్చిన ఆడిబిడ్డ. కొడుకు నైట్‌షిఫ్టు దిగి వచ్చి పగలు పడుకొనవలెను. పిల్లలు ఆడరాదు, గిన్నె చప్పుడు కారాదు, అత్త భజన పాట పెట్టరాదు. మరుసటి వారము ఫస్ట్‌షిఫ్టు వచ్చినచో కోడలు తెల్లవారుజాముననే లేచి టిఫిన్ కట్టవలెను. షిఫ్టు మారినప్పుడెల్ల ఇంటి నిద్ర, ఇంటి వంట, ఇంటి మాట అన్నియు మారును. ఆదివారము ప్లేడే డ్యూటీ, అనగా సెలవుదినపు పని, దొరకినచో డబ్బు వచ్చును, మనిషి ఇంట నుండడు. దసరా ముంగిట లాభాల వాటా చేతికి వచ్చినప్పుడు అందులో ఆడిబిడ్డ చీరకెంత, అత్త మందులకెంత, పిల్లల ఫీజుకెంత యను తగవు వచ్చును. ఈ తగవులకు కారణము అత్త స్వభావమా? కోడలి నోరా? కావు. గది చాలకపోవుట, నిద్ర చాలకపోవుట, జీతము పదిచోట్ల పంచవలసి వచ్చుట. ధారావాహిక ఈ కారణములను తొలగించి, స్వభావమునొక్కదానిని మిగిల్చి చూపును. అది అసత్యము.

హాస్యవాది: కారణము చూపని హాస్యము అసత్యమనుట కొంత కఠినముగా నున్నది, అసంపూర్ణమని యనుడు, ఒప్పుకొందును. కాని మీరిప్పుడు చెప్పినదంతయు విన్నప్పుడు నాకొకటి తోచుచున్నది. పగలు నిద్రించు కొడుకుకొరకు ఇల్లంతయు సైగలతో మాటలాడుకొనుట, ఆ నిశ్శబ్దమునందే అత్తాకోడండ్రు చూపులతో తగవులాడుకొనుట, నిద్రించువాడు లేచి చూచువేళకు ఇరువురును ఒకటై అతనినే మందలించుట: ఇంతకన్న సత్యమైన హాస్యవస్తువు ఏది? ఇందు ఎవరికిని అవమానము లేదు. ఇరుకైన ఇంటిలో మనుష్యులు ఒకరినొకరు భరించుటకు పడు ప్రయత్నమున్నది.

విమర్శకురాలు: నీవు చిత్రించినది ముచ్చటగనే యున్నది. కాని ఇంటి తగవులన్నియు అంత మెత్తనివి కావు. గనికార్మికుడు ఉద్యోగములో నుండగా మరణించినను, వైద్యకారణములచే పనికి అనర్హుడని తేలినను, అతనిపై ఆధారపడినవారిలో ఒకరికి ఉద్యోగము కల్పించు పద్ధతి బొగ్గు పరిశ్రమలో కలదు. జాతీయ బొగ్గు వేతన ఒప్పందము ఆ ఆశ్రితులు ఎవరెవరో వరుసగా చెప్పినది: భార్య లేక భర్త, పెండ్లికాని కూతురు, కొడుకు, దత్తపుత్రుడు, వీరెవ్వరును లేనిచో సోదరుడు, భర్తను కోల్పోయిన కూతురు, భర్తను కోల్పోయిన కోడలు, కార్మికుని ఇంటనే యుండి అతనిపై ఆధారపడిన అల్లుడు. చూచితివా తమ్ముడా, ఇల్లుటపుటల్లుని స్థానము కూడ ఒక పారిశ్రామిక ఒప్పందమున వ్రాయబడినది! ఒక్క ఉద్యోగము, నలుగురు ఆశావహులు. పెద్దకొడుకా, చిన్నకొడుకా? కూతురికి పెండ్లి చేయకముందే కాగితము పెట్టవలెనా? ఇంటి పెద్ద దగ్గుచు మంచముపై నుండగా ఆ గదిలో జరుగు సంభాషణమును నీవు హాస్యము చేయుదువా? 1952 గనుల చట్టము స్త్రీకి భూగర్భములో పని నిషేధింపగా, 2019లోగాని ఆ నియమము సడలలేదు. అంతకాలము ఆ సంభాషణమున కూతురి పేరు తుదకే వచ్చెడిది. బలమను మాటకు ఇచ్చట అర్థము ఉద్యోగము. అది లేనివారి నవ్వు కేవలము ఓర్పు.

హాస్యవాది: అక్కా, ఆ గదిలోని మాటలను హాస్యము చేయుటకు నాకును ధైర్యము చాలదు, కాని ఆ గదిని హాస్యకారుడు ప్రవేశింపనేరాదని మాత్రము నేననను. మన ప్రాంతమునుండియే వచ్చిన నిదర్శనమును చూడుడు. సిరిసిల్లకు చెందిన వేణు యెల్దండిగారు 2023 మార్చిలో ‘బలగం’ చిత్రమును తెచ్చిరి. ఇంటి పెద్ద కొమురయ్య మరణించెను. పిట్టకు పెట్టిన ముద్దను కాకి ముట్టదు. ఏనాడో భోజనపు పంక్తిలో తనకు నల్లిబొక్క వేయలేదని అలిగి, ఏండ్ల తరబడి అత్తగారిల్లు త్రొక్కని అల్లుడు. మాట పట్టింపు విడువని బావమరదులు. నడుమ నలిగిన ఆడబిడ్డ. వస్తువు చావు, ప్రదేశము చావు ఇల్లు; అయినను సగము చిత్రమువరకు ప్రేక్షకులు నవ్వుచునే యుండిరి. ఆ నవ్వెవరినిని కించపరచలేదు, కడపటి కన్నీటికి మనసును సిద్ధపరచినది. ఊళ్లలో తెరలు కట్టి జనము గుంపులుగా చూచిరి, చూచినవారు విడిపోయిన తోబుట్టువులను తలచుకొనిరి. నవ్వులో అల్లుని అలక ఎంత చిన్నదో తెలియకపోయినచో, ఏడుపులో అతని ఒంటరితనమెంత పెద్దదో తెలిసెడిదా?

విమర్శకురాలు: ‘బలగం’ను నేనును కంటతడితోనే చూచితిని. కాని అది ఎందుచేత నిలిచినదో చూడుము. అందు అలకకు కారణమున్నది, ఆ కారణము ప్రేక్షకునకు చెప్పబడినది. ఒకనాటి అవమానము ఎట్లు ముదిరినదో చూపబడినది. అది పదునొకండవ దినమున ముగిసినది. చిత్రమునకు ముగింపు కలదు, మనుష్యులు మారుదురు. వారపు ధారావాహిక యట్లు కాదు. తగవు ఆనాడే తెగునని నీవు మెచ్చితివి. కాని అది తెగిన తీరు చూడుము. వచ్చు ఆదివారమునకు అందరును తమ పూర్వస్థానములకు వత్తురు: భర్త అట్లే బుద్ధిహీనుడు, అత్త అట్లే పెత్తనపరురాలు. నేర్చుకొన్నది ఒక్కటియు నిలువదు. దినదిన ధారావాహిక తగవును తెంపక శాశ్వతము చేయగా, వారపు ధారావాహిక తెంపి మరల కట్టి శాశ్వతము చేయును. ఇంటిలో మార్పు రాదని చెప్పుటయందు రెండును ఏకాభిప్రాయము గలవియే.

హాస్యవాది: ఈ మాట నన్ను ఆలోచింపజేసినది. మార్పు లేకుండుట ఆ ప్రక్రియ స్వభావమని నేనొప్పుకొందును. కాని నిజమైన సంసారమును చూడుడు: నిన్న పలికిన మాటను నేడు మరచిన ఇల్లే నిలిచి యున్నది. అత్త మారదు, కోడలు మారదు. అయినను రాత్రి ఇద్దరికిని అన్నము ఒక్క కుండనుండియే వచ్చును. మారని మనుష్యులతో కలిసి బ్రదుకుట యెట్లు అనునది మారుట యెట్లు అను ప్రశ్నకన్న తక్కువదా? శాస్త్రములును, శాసనములును రెండవ ప్రశ్నను చూచుకొనును. హాస్యము మొదటి ప్రశ్నను చూచుకొనును. వేరొక విశేషము. ఆదివారము రాత్రి మన క్వార్టరులో ఒక్క టెలివిజను ముందు అత్త, కోడలు, కొడుకు, మనుమలు కలిసి కూర్చుందురు. ఎవరిని గూర్చి నవ్వుచున్నారో ఆమెయు ఆ నవ్వులోనే యుండును. పుస్తకము ఒంటరిగా చదువబడును. ఇది కుటుంబసభలో వినబడును. అత్త తన్నుతాను తెరపై చూచి నవ్విన క్షణము ఆ ఇంటికి ఏ తీర్పరియు ఇయ్యజాలని ఉపకారము.

విమర్శకురాలు: ఆ క్షణము వచ్చినచో నేనును సంతోషింతును. కాని ఆదివారము రాత్రి ఆ గదిలో అందరును కూర్చుందురని యెవరు చెప్పిరి? ఒకరు వంటింట రొట్టె కాల్చుచు చెవితో మాత్రమే విందురు. రిమోట్ ఒకరి చేతిలో నుండును. నవ్వనివారు లేచి లోపలికి పోవుదురు. వారి పోక నెవరును గమనింపరు. మరియొక భయమును చెప్పుదును. మన కుటుంబము తెరపైకి వచ్చునప్పుడు మన మాట యేమగును? చిరకాలము తెలుగు చిత్రములలో తెలంగాణపు మాట పనివారికిని, రౌడీలకును, విదూషకులకును విధింపబడినది. కథ మనది, మాట మనది అయినను, ఆ మాటనే నవ్వు పుట్టించు సాధనముగా వాడుకొన్నచో, ఇంటి తగవుతోపాటు ఇంటి భాషయు నవ్వులపాలగును. అత్తకు రెండు అవమానములు.

హాస్యవాది: ఆ అన్యాయము జరిగినది, దానిని నేను సమర్థింపను. కాని కాలము మారినది. జగిత్యాల జిల్లా మల్యాల మండలములోని లంబాడిపల్లినుండి ‘మై విలేజ్ షో’ యువకులు తమ ఊరి ఇండ్లలోనే, తమ మాటతోనే, తమవారినే నటులుగా నిలిపి యూట్యూబులో హాస్యము నడుపుచున్నారు. అందలి గంగవ్వ వృద్ధురాలు, పొలముపని చేసిన స్త్రీ; ఆమె నవ్వులపాలగు పాత్ర కాదు, నవ్వించు పాత్ర. 2020లో బిగ్‌బాస్ ఇంట అడుగు పెట్టినప్పుడును ఆమె తన మాటను మార్చుకొనలేదు. ముసలి స్త్రీ నోటిని భయంకరముగా చూపుటకు అలవాటుపడిన తెరపై, ముసలి స్త్రీ నోరు ఇంటికి దీపమువలె వెలిగినది. మీరు వేదిక లేదనిరి. వేదిక లంబాడిపల్లిలో పుట్టినది. చెప్పువారు మారినచో నవ్వు మారునని మీ వాదమునే ఆమె నిరూపించినది.

విమర్శకురాలు: గంగవ్వను గూర్చి నీవు చెప్పినదానిని మనస్ఫూర్తిగా అంగీకరించుచున్నాను, నా ఆక్షేపణము అచ్చట కొంత సడలుచున్నది. అందుచేత నిషేధమును కోరను, నియమములను కోరుదును. మొదటిది: తగవునకు కారణము చూపవలెను, గది, రూక, నిద్ర, ఉద్యోగము కథలోనికి రావలెను. రెండవది: అత్త ఒకప్పుడు కోడలై పడినదేమో ఏదో ఒక భాగమున ఆమె నోటనే చెప్పింపవలెను. మూడవది: చేయి లేచినచోట, కట్నము మాట వచ్చినచోట, ఆకలితో పడుకొన్నచోట నవ్వు ఆగవలెను, ఆ భాగము నవ్వు లేకుండనే ముగిసినను సరియే.

హాస్యవాది: రెండవదానిని శిరసావహింతును, అత్తయందు మమత కలిగించు భానుమతిగారి దారికి అది దగ్గరిది. మూడవదానిని చర్చ లేక అంగీకరింతును. మొదటిదానియందు మాత్రము మనకు భేదము నిలుచును. ప్రతి తగవునకు కారణము చూపబూనినచో హాస్యము ఉపన్యాసమగును. కొన్ని అలకలు కారణము లేకయే వచ్చును, కొన్ని ప్రేమలును కారణము లేకయే వచ్చును. మనుష్యుని పూర్తిగా పరిస్థితికి అప్పగించినచో అతని విచిత్రస్వభావమును ఎవరు చూపుదురు? అత్త కేవలము ఇరుకు గదియొక్క ఫలము కాదు. ఆమెకు ఆమెదే యైన పట్టుదల, ఆమెదే యైన రుచి కలవు. వాటిని చూచి నవ్వుట ఆమెను మనిషిగా గుర్తించుటయే.

విమర్శకురాలు: ఆ భేదము నిలువనిమ్ము. స్వభావమునొక్కదానినే చూచువాడు స్త్రీని నిందించునని నా భయము. పరిస్థితినొక్కదానినే చూచువాడు ఆమెను మరచునని నీ భయము. రెండు భయములును వ్రాయువాని యెదుట నుండవలెను. కాని వ్రాయుట మానరాదని మనమిరువురము అంగీకరించితిమి గనుక, నస్పూరు, శ్రీరాంపూరు, మందమర్రి, బెల్లంపల్లి, గోదావరిఖని వాడలలో కలము పట్టు యువతీయువకులకు నా విన్నపమిది: మీ క్వార్టరు కథను మీరే వ్రాయుడు, మీ అమ్మ మాటతోనే వ్రాయుడు, తెరకు పంపకముందు దానిని ఇంటిలో అత్తకును, కోడలికిని ఒక్కచోట కూర్చుండబెట్టి చదివి వినిపింపుడు. ఇరువురిలో ఎవరు నవ్వలేదో చూచి, ఆమె నడిగి, ఆ పుటను మరల వ్రాయుడు.